సౌర గృహ రూపకల్పనలో శక్తి సిమ్యులేషన్: దౌల్తాబాద్ (సిద్దిపేట జిల్లా) ఉదాహరణగా

శక్తి సిమ్యులేషన్ అంటే కట్టబోయే ఇంటిని ముందుగా కంప్యూటర్‌లో కట్టి చూడడం. గోడ మందం, స్లాబు మందం, కిటికీ ఏ దిక్కున ఉంది, సజ్జ ఎంత బయటికి వచ్చింది, ఇంట్లో ఎంతమంది ఏ వేళప్పుడు ఉంటారు, ఏ ఫ్యాను ఎంతసేపు తిరుగుతుంది అన్న వివరాలన్నీ ఇస్తే, ఏడాదిలోని 8,760 గంటలకూ ప్రోగ్రామ్ వరసగా లెక్క కడుతుంది. లోపలికి వచ్చే వేడి, బయటికి పోయే వేడి, గది ఉష్ణోగ్రత, కరెంటు వాడకం, పైన పెట్టిన ప్యానెళ్లు ఇచ్చే యూనిట్లు అన్నీ అందులో తేలతాయి. సౌర గృహం అనగానే మన దగ్గర మేడ మీది నీలి ప్యానెళ్లే గుర్తుకొస్తాయి. ఈ వ్యాసంలో ఆ మాటకు అర్థం ఇంకాస్త వెడల్పు: ఎండను ఆపాల్సిన చోట ఆపి, పట్టుకోవాల్సిన చోట పట్టుకునే ఇల్లు. తెలంగాణ పల్లెలో ఈ రెండింటిలో మొదటిదే పెద్ద పని. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బును ఏ వరసలో ఖర్చుపెడితే ఇల్లు చల్లబడుతుందో చెప్పడమే ఇక్కడ సిమ్యులేషన్ చేయగల అసలు మేలు.

దౌల్తాబాద్ సిద్దిపేట జిల్లాలో మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే దాకా మెదక్ జిల్లాలో ఉండేది. రాయపోల్ మండలం అప్పుడే దీని నుంచి విడిపోయింది. దుబ్బాక శాసనసభ నియోజకవర్గంలో భాగం. వికారాబాద్ జిల్లాలోనూ ఇదే పేరుతో మరో మండలం ఉంది, అది వేరు. సిమ్యులేషన్ దృష్టితో ఈ ఊరి గురించి ముందుగా తెలుసుకోవాల్సినవి రెండు: భూమధ్యరేఖకు సుమారు 18 డిగ్రీల ఉత్తరాన ఉండడం, సముద్రానికి దూరంగా దక్కన్ పీఠభూమి మీద ఉండడం. మిగతా లెక్కలో చాలా భాగం ఈ రెండింటి నుంచే పుడుతుంది.

చలి దేశాల్లో పుట్టిన పద్ధతి

సౌర గృహం అనే ఆలోచన ఆధునిక రూపంలో పుట్టింది చలి దేశాల్లో. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 1939లో తన మొదటి సౌర గృహాన్ని కట్టింది. 1948లో అదే మసాచుసెట్స్ రాష్ట్రంలోని డోవర్‌లో మరియా టెల్కెస్ అనే శాస్త్రవేత్త, ఎలినార్ రేమండ్ అనే ఆర్కిటెక్ట్ కలిసి మరో ఇల్లు కట్టారు. పగటి ఎండను ఒక రకం లవణంలో నిల్వచేసి, రాత్రి ఆ వేడితో గదులు వెచ్చబరచడం అక్కడి ప్రయోగం. ఆ రోజుల నుంచి సౌర గృహానికి గుర్తుగా నిలిచినవి దక్షిణానికి పెద్ద అద్దం, వెనక వేడిని దాచుకునే బరువైన గోడ. ఆ బొమ్మను అలాగే తెచ్చి దౌల్తాబాద్‌లో పెడితే ఇల్లు కొలిమి అవుతుంది. కాబట్టి విదేశీ పుస్తకాల్లోని సూత్రాలను నేరుగా నమ్మకుండా, ఇక్కడి సూర్యుడితో, ఇక్కడి గాలితో మళ్లీ లెక్కకట్టాలి.

ఆ లెక్కలకు కంప్యూటర్లు తోడైంది 1970ల్లో. చమురు సంక్షోభం తర్వాత అమెరికా ప్రభుత్వం ఇళ్ల శక్తి వాడకం మీద దృష్టి పెట్టింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచి 1975లో ట్రాన్సిస్ అనే ప్రోగ్రామ్ వచ్చింది. ప్రభుత్వ ప్రయోగశాలల్లో డీఓఈ-2, సైన్యానికి చెందిన పరిశోధన విభాగంలో బ్లాస్ట్ తయారయ్యాయి. ఆ రెండింటి అనుభవాన్నీ కలిపి 2001లో విడుదల చేసిన ఎనర్జీప్లస్ ఈనాటికీ ఈ రంగానికి వెన్నెముక. అది ఉచితం, దాని మూలసంకేతం కూడా అందరికీ అందుబాటులోనే ఉంది. అందుకే ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి కూడా పైసా ఖర్చు లేకుండా తన ఊరి ఇంటిని లెక్కకట్టి చూడగలడు.

తెలుగు నేలమీద ఈ పని హైదరాబాద్‌లో పాదుకుంది. సీఐఐ-సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనం 2003లో, పర్యావరణ హిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు పొందింది. అమెరికా బయట ఆ గుర్తింపు దక్కిన తొలి భవనం అదే. మరుసటి ఏడాది జూలైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భవన శాస్త్రానికి ప్రత్యేక పరిశోధన కేంద్రం ఉంది. 2012లో మొదలైన భారత్-అమెరికా ఉమ్మడి భవన శక్తి పరిశోధన కేంద్రంలో అహ్మదాబాద్ సెప్ట్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలతో పాటు ట్రిపుల్ ఐటీ కూడా భాగస్వామి. వీరి పనిలో దౌల్తాబాద్ లాంటి ఊరికి నేరుగా పనికొచ్చేది పైకప్పుల మీది పరిశోధన. దాని సంగతి కాసేపట్లో.

18 డిగ్రీల సూర్యుడు

సిమ్యులేషన్‌లో మొదట తేలేది సూర్యుడి దారి. దౌల్తాబాద్ అక్షాంశం దగ్గర సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు: ఒకసారి మే రెండో వారంలో, మళ్లీ జూలై చివర్లో. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. జూన్ 21న నడినెత్తి నుంచి 5 డిగ్రీలకు పైగా ఉత్తరానికి జరుగుతాడు. ఆ రోజున ఉదయించేది కూడా నిక్కమైన తూర్పున కాదు, తూర్పు నుంచి 25 డిగ్రీలు ఈశాన్యానికి. ఉత్తరం గోడకు ఎండ తగలదు అనుకునేవారు వేసవిలో పొద్దున్నే ఉత్తరపు కిటికీ దగ్గర నిలబడితే చాలు. డిసెంబరు 21న మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన, నేల నుంచి సుమారు 48 డిగ్రీల ఎత్తులో మాత్రమే ఉంటాడు.

ఇక గడియారం విషయం. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. దౌల్తాబాద్ దానికి దాదాపు 4 డిగ్రీలు పడమర. అందువల్ల ఇక్కడ సూర్యుడి మధ్యాహ్నం గడియారంలో సగటున పన్నెండుంబావుకు వస్తుంది. ప్రోగ్రామ్‌లో రేఖాంశం, సమయ మండలం సరిగా ఇవ్వకపోతే పడమటి ఎండ లెక్క పావుగంట జరిగిపోతుంది. చిన్న తప్పే, కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచూ చేసేది.

ఈ దారి తెలిశాక సజ్జ లెక్క తేలిక. దక్షిణం గోడలో 4 అడుగుల ఎత్తు కిటికీ ఉందనుకుందాం. మార్చి 21న, సెప్టెంబరు 23 ప్రాంతంలో సూర్యకిరణాలు దక్షిణపు గోడకు రోజంతా ఒకే వాలుతో, 72 డిగ్రీలతో తగులుతాయి. కిటికీ పైన ఒకటిన్నర అడుగు సజ్జ ఉంటే ఆ ఎండ అద్దాన్ని తాకదు. మార్చి నుంచి సెప్టెంబరు దాకా దక్షిణపు కిటికీ నీడలో ఉంటుంది. డిసెంబరులో మాత్రం అదే సజ్జ కింద నుంచి ఎండ సగానికి పైగా కిటికీలోంచి లోపలికి వస్తుంది, చలికాలపు పొద్దున అది హాయే. పడమర సంగతి పూర్తిగా వేరు. మే నెల మధ్యాహ్నం దాటి సూర్యుడి లెక్కన 4 గంటలయ్యేసరికి సూర్యుడు నేల నుంచి 33 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. అదే 4 అడుగుల కిటికీని సజ్జతో కాపాడాలంటే దాదాపు 6 అడుగులు బయటికి తీయాలి, అది ఎవరూ చేయరు. నీడ లేని 4 అడుగుల చదరపు కిటికీ గుండా ఆ వేళ సుమారు 800 వాట్ల వేడి లోపలికి వస్తుంది. గదిలో ఒక చిన్న హీటర్ వెలిగించి పెట్టినట్టే. పడమటి కిటికీకి కావలసింది సజ్జ కాదు, నిలువు అడ్డు: తడక, వెదురు చాప, తలుపు రెక్కలు, లేదా ఆరేడు అడుగుల దూరంలో ఒక వేపచెట్టు.

వాస్తు మాట ఇక్కడ వదిలేయడం సరికాదు. తెలంగాణ పల్లెలో ఇంటి ముఖం, వంటింటి స్థానం, నీళ్ల ట్యాంకు చోటు చాలావరకు వాస్తు, రోడ్డు కలిసి నిర్ణయిస్తాయి. ఆర్కిటెక్టు వచ్చి ఇంటిని 20 డిగ్రీలు తిప్పమంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోవాల్సిన పనీ లేదు. దక్షిణ, పడమటి గోడలు బరువుగా, కిటికీలు తక్కువగా ఉండాలన్న ఆనవాయితీ ఎండ లెక్కకు అనుకూలమే. చిక్కు వచ్చేది నైరుతిలో పెట్టే ట్యాంకుతో. దాని సంగతి ప్యానెళ్ల దగ్గర చూద్దాం.

స్లాబు కింద

దౌల్తాబాద్ ప్రాంతపు ఇళ్లలో పాత మట్టిగోడల పెంకుటిళ్లు, రేకుల ఇళ్లు, స్లాబు ఇళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఇప్పుడు కట్టేవి దాదాపు అన్నీ స్లాబులే. ఇదే జిల్లాలోని ఎర్రవల్లి, నర్సన్నపేటల్లో 2016 డిసెంబరులో గృహప్రవేశాలు జరిగిన ప్రభుత్వ డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు, 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లు అన్నీ ఆ కోవలోవే. ఇందిరమ్మ పథకంలో ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి, ప్రభుత్వ సాయం 5 లక్షల రూపాయలు. ఆ కొలతల ఇంటినే ఇక్కడ ఉదాహరణగా తీసుకుందాం.

400 చదరపు అడుగుల పైకప్పు అంటే 37 చదరపు మీటర్లు. మే నెల నడి మధ్యాహ్నం ఆ కప్పు మీద చదరపు మీటరుకు 950 వాట్ల దాకా ఎండ పడుతుంది. పాతబడి నల్లబారిన సిమెంటు స్లాబు అందులో మూడింట రెండు వంతులను పీల్చుకుంటుంది. బయటి గాలి 41 డిగ్రీలు ఉన్నప్పుడు, ఎండ, గాలి కలిసి ఆ స్లాబు మీద చూపే ప్రభావం సుమారు 68 డిగ్రీల వేడి గాలితో సమానం. 5 అంగుళాల స్లాబు ఒక డిగ్రీ తేడాకు చదరపు మీటరు గుండా సుమారు 3.5 వాట్లను లోపలికి పోనిస్తుంది. గది 33 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే, ఆ క్షణపు స్థిర లెక్కలో కప్పు నుంచి దిగే వేడి నాలుగున్నర కిలోవాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ పూర్తి సామర్థ్యం 5.3 కిలోవాట్లు. అంటే ఆ ఏసీ శక్తిలో చాలా భాగం కప్పుతో పోరాడడానికే సరిపోతుంది.

ఇప్పుడు అదే స్లాబుకు సున్నమో, తెల్లని కూల్ రూఫ్ పెయింటో వేస్తే పీల్చుకునే ఎండ 30 శాతానికి పడిపోతుంది. పైన చూపిన 68 డిగ్రీలు 52కి దిగుతుంది. కిందికి వచ్చే వేడి రెండున్నర కిలోవాట్లకు తగ్గుతుంది. దానికి తోడు స్లాబు మీద ఉష్ణనిరోధక పొర వేసి, 3.5గా ఉన్న సంఖ్యను 1.2కు తెస్తే వేడి 0.9 కిలోవాట్ కన్నా తగ్గుతుంది. ఇవి చేత్తో కట్టిన లెక్కలు. ఎనర్జీప్లస్ ఇంకా లోతుకు పోతుంది, ఎందుకంటే 37 చదరపు మీటర్ల స్లాబు బరువు 11 టన్నులు. అది పగలంతా వేడిని దాచుకుంటుంది. నడి మధ్యాహ్నం పైన పడ్డ వేడి లోపలి తలానికి చేరేసరికి నాలుగు గంటలు దాటుతుంది. సాయంత్రం బయట గాలి చల్లబడుతున్నా లోపల కప్పు ఇంకా వేడెక్కుతూనే ఉంటుంది, అర్ధరాత్రి దాకా ఆ వేడి మంచం మీద పడుకున్న మనిషి ఒంటిమీదికి ప్రసరిస్తూనే ఉంటుంది. గది గాలి ఉష్ణోగ్రత చూపే థర్మామీటర్‌కు ఈ ప్రసరణ అందదు. అందుకే సిమ్యులేషన్‌లో గాలి ఉష్ణోగ్రతకు తోడు చుట్టూ ఉన్న తలాల వేడిని కలిపి చూసే ఉష్ణోగ్రతను అడగాలి.

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల కలిసి హైదరాబాద్‌లోని వాణిజ్య భవనాల కప్పులపై కొలతలు తీసి 2012లో ప్రచురించాయి. నల్లని కప్పును తెల్లగా మార్చినప్పుడు ఏడాదికి చదరపు మీటరు కప్పుకు 20 నుంచి 22 యూనిట్లు మిగిలాయి, చల్లదనానికి వాడే కరెంటు 14 నుంచి 26 శాతం తగ్గింది. మామూలు సిమెంటు కప్పుకు తెల్లరంగు వేస్తే 13-14 యూనిట్లు మిగులుతాయని అంచనా. 2017లో హైదరాబాద్‌లోని పేదల బస్తీలో 25 ఇళ్ల కప్పులపై జరిగిన ప్రయోగంలో లోపలి ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీలు తగ్గింది. అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా, ట్రిపుల్ ఐటీ అందులో పాలుపంచుకున్నాయి. ఈ పనుల కొనసాగింపుగానే 2023 ఏప్రిల్ 3న తెలంగాణ తన కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. 2028-29 నాటికి 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పులు లక్ష్యం, అందులో 200 హైదరాబాద్ ప్రాంతంలో, 100 మిగతా రాష్ట్రంలో. 600 చదరపు గజాలు దాటిన స్థలాల్లో కట్టే ఇళ్లకు ఇది తప్పనిసరి, అంతకన్నా చిన్నవాటికి ఐచ్ఛికం. ఇక్కడొక మాట చెప్పక తప్పదు: వేడి ఎక్కువగా తగిలేది చిన్న ఇంటికే. పెద్ద ఇంట్లో కింద అంతస్తు ఉంటుంది, ఏసీ ఉంటుంది. 400 చదరపు అడుగుల ఇంట్లో అన్ని గదులూ స్లాబు కిందే.

తెల్లని కప్పు తెల్లగానే ఉండదు. దుమ్ము, నాచు పట్టి మొదటి ఏడాదిలోనే దాని గుణం తగ్గుతుంది. సిమ్యులేషన్‌లో కొత్త పెయింటు డబ్బా మీది సంఖ్య కాకుండా వాడకం తర్వాతి సంఖ్య ఇవ్వాలి. చలికాలంలో ఇదే కప్పు ఇంటిని కాస్త ఎక్కువ చల్లబరుస్తుంది కూడా. సిద్దిపేట వైపు డిసెంబరు రాత్రులు చలిగానే ఉంటాయి, కానీ ఏడాది మొత్తం లెక్కలో వేసవి గంటలే బరువు తూగుతాయి.

ఎవరు ఎప్పుడు ఇంట్లో ఉంటారు

మట్టిగోడ, పెంకు, రేకు, స్లాబు నాలుగింటినీ ఒకే ప్లానుతో సిమ్యులేట్ చేస్తే నాలుగు వేరువేరు రోజులు కనిపిస్తాయి. రేకుల ఇల్లు పొద్దున పదికే కాగిపోతుంది, మధ్యాహ్నం అందులో ఉండలేం, చీకటి పడ్డాక మాత్రం గంటలో చల్లారుతుంది. స్లాబు ఇల్లు మధ్యాహ్నం ఫర్వాలేదనిపిస్తుంది, సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా బాధిస్తుంది. అడుగున్నర మందం మట్టిగోడ పగటి వేడిని రాత్రి బాగా పొద్దుపోయాక గానీ లోపలికి పంపదు. పైన పెంకుల సందుల్లోంచి వేడి గాలి లేచిపోతూ ఉంటుంది. మధ్యాహ్నపు నీడ కోసం ఆ ఇల్లు నేటికీ మంచిదే. మట్టిగోడను ఏటా అలికి, పెంకు మార్చి కాపాడుకునే ఓపిక, మనుషులు తగ్గడం వల్లే అది పోతోంది. దాని వేడి గుణం వల్ల కాదు.

కాబట్టి ఏ ఇల్లు మంచిదన్న ప్రశ్నకు జవాబు ఆ ఇంట్లో ఎవరు ఏ వేళప్పుడు ఉంటారన్న దాన్నిబట్టి మారుతుంది. విదేశీ ప్రోగ్రామ్‌లలో ముందే రాసిపెట్టి ఉండే దినచర్యలో ఇంట్లోవాళ్లు పొద్దున ఎనిమిదికి ఆఫీసుకు పోయి సాయంత్రం వస్తారు, రాత్రి పదికి బెడ్‌రూమ్‌లో తలుపులు మూసి పడుకుంటారు. దౌల్తాబాద్ ఇంట్లో పొలం పనికి తెల్లవారకముందే పోతారు, ఎండ ముదిరేలోగా తిరిగొస్తారు, మధ్యాహ్నం అందరూ ఇంట్లోనే ఉంటారు. వేసవి రాత్రుల్లో చాలామంది వాకిట్లో మంచాలు వేసుకుంటారు. బీడీలు చుట్టే ఆడవాళ్లు, ముసలివాళ్లు, పసిపిల్లలు పగలంతా ఇంట్లోనే. ఈ దినచర్యను ఆ ఇంటి మనుషుల్ని అడిగి రాసుకోవాలి. ఈ ఒక్క పని చేయకపోతే మిగతా లెక్క ఎంత సూక్ష్మంగా ఉన్నా అది వేరెవరి ఇంటిదో అవుతుంది.

ఎంత వేడిని మనిషి ఓర్చుకుంటాడన్నదీ ఇక్కడి జనాన్ని అడిగి తెలుసుకున్నదే కావాలి. మాధవి ఇంద్రగంటి 2008లో వేసవి, వర్షాకాలాల్లో హైదరాబాద్ అపార్టుమెంట్లలో నివాసులను పదేపదే ప్రశ్నించి చేసిన అధ్యయనం ఈ విషయంలో మైలురాయి. వాళ్లకు హాయిగా అనిపించిన సగటు ఉష్ణోగ్రత 29.2 డిగ్రీలు, ఓర్చుకోగలిగిన పరిధి 26 నుంచి 32.5 దాకా. అప్పటి జాతీయ భవన నియమావళి వేసవికి చెప్పిన పరిధి 23 నుంచి 26 మాత్రమే. ఆ తర్వాత సెప్ట్ విశ్వవిద్యాలయం దేశంలోని అనేక నగరాల ఆఫీసుల్లో సేకరించిన సమాచారంతో బయటి వేడినిబట్టి హాయినిచ్చే ఉష్ణోగ్రతా మారుతుందని చెప్పే భారతీయ అనుకూలన నమూనాను తయారుచేసింది. దాని ప్రకారం కిటికీలు తెరిచి ఉండే భవనంలో బయటి నెల సగటు 33 డిగ్రీలుంటే లోపల 30.6 దగ్గర మనిషికి హాయిగా ఉంటుంది. ఈ సంఖ్యలు ఎంచుకుంటే దౌల్తాబాద్ ఇంటికి ఏసీ లేకుండానే ఎన్ని గంటలు గట్టెక్కవచ్చో తెలుస్తుంది. 24 డిగ్రీలు ఎంచుకుంటే ప్రతి ఇంటికీ ఏసీ తప్పదని ప్రోగ్రామ్ చెప్పేస్తుంది.

వాతావరణ ఫైలు

ప్రతి సిమ్యులేషన్ వెనకా గంటగంటకూ ఉష్ణోగ్రత, తేమ, గాలి, ఎండ రాసి ఉన్న ఒక వాతావరణ ఫైలు ఉంటుంది. దౌల్తాబాద్ చుట్టుపక్కలకు సాధారణంగా వాడేది హైదరాబాద్ ఫైలు, బేగంపేట విమానాశ్రయపు రికార్డుల నుంచి వచ్చింది. నగరం మధ్యలో రాత్రులు పల్లెకన్నా వేడిగా ఉంటాయి. రాత్రిపూట కిటికీలు తెరిచి స్లాబును చల్లార్చే పద్ధతి పల్లెలో ఎంత ఫలిస్తుందో ఆ ఫైలు తక్కువ చేసి చూపుతుంది. పైగా ఆ ఫైలు ఎన్నో ఏళ్ల పాత సగటు. 2022 ఫిబ్రవరిలో ఇదే జిల్లాలో ప్రారంభమైన మల్లన్నసాగర్ జలాశయం, దాని తర్వాత పరుచుకున్న వరి మడులు అందులో లేవు. తేమ పెరిగితే కూలర్ పని తగ్గుతుంది. రాష్ట్రంలో మండలాల వారీగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. దగ్గర్లోని కేంద్రపు ఉష్ణోగ్రత, తేమ తీసుకుని, ఎండను ఉపగ్రహ అంచనాల నుంచి కలిపి ఊరికి సరిపోయే ఫైలు చేసుకోవచ్చు. రెండు మూడు రోజుల శ్రమ. ఆ శ్రమ పడాలి.

ప్యానెళ్లు

ఇల్లు చల్లబడ్డాక కరెంటు సంగతి. తెలంగాణలో ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు సగటున 4 యూనిట్ల దాకా ఇస్తుంది. 3 కిలోవాట్లకు రోజుకు 12, ఏడాదికి సుమారు 4,300 యూనిట్లు. వాలు అక్షాంశానికి దగ్గరగా, 15-18 డిగ్రీలు దక్షిణానికి ఉంటే చాలు. పది డిగ్రీలైనా, ఇరవై అయినా ఏడాది మొత్తంలో తేడా ఒకటి రెండు శాతమే. మే నెలలో ఎండ ఎక్కువే అయినా ప్యానెల్ 65 డిగ్రీలకు కాగి, ప్రయోగశాలలో చెప్పిన శక్తిలో 14 శాతం దాకా పోగొట్టుకుంటుంది. కింద గాలి ఆడేలా ఎత్తుగా పెట్టడం అందుకు మందు.

నీడ లెక్కకే సిమ్యులేషన్ బాగా పనికొస్తుంది. వాస్తు ప్రకారం నీళ్ల ట్యాంకు నైరుతి మూలన ఉంటుంది. డిసెంబరు మధ్యాహ్నం 3 గంటలకు సూర్యుడు నైరుతిలోనే, 30 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 5 అడుగుల ట్యాంకు నీడ ఈశాన్యం వైపు దాదాపు 9 అడుగులు పరుచుకుంటుంది. ప్యానెళ్లు వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కదాని మీద నీడ పడినా మొత్తం వరస ఉత్పత్తి దెబ్బతినవచ్చు. ట్యాంకును కదపలేకపోతే ప్యానెళ్లను 7-8 అడుగుల ఎత్తు ఇనుప స్టాండు మీద పెట్టడం ఒక దారి. దాంతో ఇంకో మేలు ఉంది. 3 కిలోవాట్ల ప్యానెళ్లు 15 చదరపు మీటర్లకు పైగా చోటు తీసుకుంటాయి, అంటే 400 చదరపు అడుగుల ఇంటి స్లాబులో నలభై శాతం నీడలోకి వస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో పరిశోధకులు 2011లో ప్రచురించిన కొలతల్లో ప్యానెళ్ల కింద కప్పు లోపలి తలం పగలు 2.5 డిగ్రీల దాకా చల్లగా ఉంది. ఆ నీడ వంటింటి మీద కాకుండా పడకగది మీద, అందులోనూ పడమటి సగం మీద పడేలా చూసుకుంటే ప్యానెల్ రెండు పనులు చేస్తుంది.

డబ్బు లెక్క మాత్రం తెలంగాణలో ప్రత్యేకం. కేంద్రం 2024 ఫిబ్రవరిలో తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, 3 కిలోవాట్లకు మొత్తం 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. అదే ఏడాది మార్చి నుంచి రాష్ట్ర గృహజ్యోతి పథకం అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేకుండా చేసింది. నెలకు 80-100 యూనిట్లు వాడే ఇంటికి బిల్లే లేనప్పుడు ప్యానెల్ మిగిల్చేది కొంచెమే. ఆ ఇంటికి ముందుగా కప్పుకు తెల్లరంగు, పడమటికి తడక, 75 వాట్ల పాత ఫ్యాన్ల బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు. ఏసీ, మోటారు ఉండి 200 దాటే ఇంటికి ప్యానెల్ లెక్క నిలుస్తుంది. ఇంకొకటి తెలుసుకోవాలి: బ్యాటరీ లేని మామూలు సోలార్ ఇన్వర్టర్ గ్రిడ్ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు. మండుటెండలో కరెంటు పోయినా నడుస్తుందని ఆశపడి పెట్టించుకున్నవారు నిరాశపడతారు.

నియమావళి, నాలుగు దశలు

ఇళ్ల శక్తి పొదుపు కోసం కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2018 డిసెంబరు 14న ఎకో నివాస్ సంహితను విడుదల చేసింది. గోడలు, కిటికీల గుండా వచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించరాదు, ఒక డిగ్రీ తేడాకు పైకప్పు చదరపు మీటరు గుండా పోనిచ్చే వేడి 1.2 వాట్లు దాటరాదు అన్నవి అందులోని ముఖ్య నియమాలు. పూర్తి సిమ్యులేషన్ అక్కర్లేకుండా చిన్న సూత్రాలతోనే లెక్క తేలేలా దాన్ని రాశారు, ఆ నేర్పు మెచ్చుకోదగ్గది. కానీ అది 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాల ఇళ్లకే వర్తించేలా వచ్చింది. దౌల్తాబాద్‌లో అంత స్థలంలో ఇల్లు కట్టేవారు ఎందరు?

ప్రతి కుటుంబం సొంతంగా సిమ్యులేషన్ చేయించుకోవడం జరిగే పని కాదు, జరగనక్కర్లేదు కూడా. వేల ఇళ్లు ఒకే కొలతలతో, ఒకే సామగ్రితో కడుతున్నప్పుడు ఆ ప్లానును తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం ముఖాలకు ఒక్కోసారి లెక్కకట్టి, ఫలితాన్ని మేస్త్రీకి ఒక్క కాగితంలో ఇస్తే సరిపోతుంది. ఇందిరమ్మ సాయం నాలుగు దశల్లో అందుతుంది కాబట్టి ఆ కాగితం కూడా అలాగే విడిపోవచ్చు. బేస్‌మెంట్ దశకు ముందే కిటికీలు ఏ గోడల్లో ఉండాలో చెప్పాలి, గోడలు లేచాక అది చేయి దాటిపోతుంది. గోడల దశలో సజ్జ వెడల్పు, పడమటి గోడకు ఏ ఇటుక వాడాలన్నది. స్లాబు పోసేటప్పుడే ప్యానెల్ స్టాండుకు బోల్టులు, నీళ్లు నిలవకుండా వాలు, ట్యాంకు చోటు. చివరి బిల్లుకు ముందు కప్పు మీద తెల్లరంగు. ఆ రంగుకయ్యే ఖర్చు ఇంటి ఖర్చులో చిన్న వంతు. ఇవ్వదలిస్తే ప్రభుత్వం దాన్ని సాయంలోనే కలిపి ఇవ్వగలదు.

ఇల్లు కట్టాక కొలవడం సిమ్యులేషన్‌లో చివరి భాగం, ఎక్కువగా వదిలేసేది కూడా అదే. గదిలో ఒకటి, స్లాబు అడుగున ఒకటి, నీడలో బయట ఒకటి, ఇలా మూడు ఉష్ణోగ్రత లాగర్లు ఏప్రిల్ నుంచి జూన్ దాకా పెట్టి, ఆ రికార్డును ప్రోగ్రామ్ చెప్పినదాని పక్కన ఉంచి చూస్తే తేడా ఎక్కడుందో కనిపిస్తుంది. తలుపుల సందుల్లోంచి దూరే గాలి అనుకున్నదానికన్నా ఎక్కువై ఉండొచ్చు, వంటింట్లో కట్టెల పొయ్యి లెక్కలోకి రాకపోయి ఉండొచ్చు, తెల్లరంగు అప్పుడే బూడిదరంగులోకి మారి ఉండొచ్చు. ఆ సంఖ్యలు సరిచేసి మళ్లీ నడిపిన ఫైలు అదే ప్లానుతో కట్టే తర్వాతి ఇళ్లన్నింటికీ పనికొస్తుంది. జిల్లాలోని పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ విద్యార్థులు వేసవి ప్రాజెక్టుగా చేయదగ్గ పని ఇది.